ఆర్థర్‌ని నేల మీదకి దించిన మూడు నవలలు: ‘ది వార్‌లార్డ్ క్రానికల్స్’

బెర్నార్డ్ కార్న్‌వెల్ రాసిన ‘ది వార్‌లార్డ్ క్రానికల్స్’ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పే మాట, బ్రిటన్ పాత కథల్లో మహారాజుగా కనిపించే ఆర్థర్ ఇందులో రాజు కాడు. ఊథర్ రాజుకి పెళ్లికి బయట పుట్టిన కొడుకు. సింహాసనం మీద హక్కు లేదు, కావాలన్న ఆశ కూడా లేదు. రాజ్యానికి వారసుడు ఇంకా పాలు తాగే పసివాడు. వాడు పెద్దయ్యేదాకా దేశాన్ని కాపాడి వాడి చేతిలో పెడతానని ఆర్థర్ ప్రమాణం చేస్తాడు. ఆ ఒక్క ప్రమాణం మూడు నవలల పొడుగునా అతన్ని ఎక్కడెక్కడికి ఈడ్చుకెళ్తుందో, ఎవరెవర్ని బలి తీసుకుంటుందో అదే కథ. ‘ది వింటర్ కింగ్’ 1995లో వచ్చింది, ‘ఎనిమీ ఆఫ్ గాడ్’ 1996లో, ‘ఎక్స్‌కాలిబర్’ 1997లో. ఇన్నేళ్లయినా ఆర్థర్ మీద వచ్చిన చారిత్రక నవలల్లో నేను పెద్ద పీట వేసేది వీటికే. ఎందుకో వివరంగా చెప్తాను. నచ్చనివీ ఉన్నాయి, అవీ చెప్తాను.

ముందు కాస్త చరిత్ర తెలిస్తే ఈ పుస్తకాలు ఇంకా రుచిస్తాయి. మెరిసే ఇనుప కవచాలు, ఎత్తయిన రాతి కోట, గుండ్రటి బల్ల, ఇవన్నీ తర్వాతి కాలం వాళ్లు తెచ్చి అతికించినవి. బ్రిటన్ మీద రోమన్ పాలన 410 ప్రాంతంలో ముగిసింది. ఆర్థర్ అనేవాడు నిజంగా ఉండుంటే ఆ తర్వాతి నూరేళ్లలోనో, కాస్త అటూ ఇటూగానో ఉండాలి. ఆరో శతాబ్దంలో రాసిన గిల్డాస్ అనే క్రైస్తవ సన్యాసి, సముద్రం దాటి బ్రిటన్ మీదకి వచ్చిపడ్డ సాక్సన్ తెగలవాళ్లు బేడన్ కొండ దగ్గర చావుదెబ్బ తిన్నారని రాశాడు గానీ ఆర్థర్ పేరే ఎత్తలేదు. పేరు పెట్టి యుద్ధాల జాబితా ఇచ్చింది తొమ్మిదో శతాబ్దపు ‘హిస్టోరియా బ్రిటోనమ్’. అందులో పన్నెండు యుద్ధాలున్నాయి, చివరిదైన బేడన్‌లో ఆర్థర్ ఒక్కడే ఒకే రోజు 960 మందిని నేలకూల్చాడని ఉంటుంది, అంటే అప్పటికే మనిషి పోయి కథ మిగిలిందన్నమాట. 1136 ప్రాంతంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ అనే రచయిత అతన్ని దేశదేశాలు గెలిచిన చక్రవర్తిని చేశాడు. ఆర్థర్ కొలువుకి కామెలాట్ అన్న పేరు, అతని యోధుడు లాన్సెలాట్‌కీ అతని భార్య గ్వినివేర్‌కీ మధ్య ప్రేమ, ఇవి ఆ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ కవి క్రెటియెన్ ద ట్రోయ్ కలిపినవి. 1485లో కాక్స్‌టన్ అచ్చువేసిన థామస్ మాలరీ ఆర్థర్ కథల పుస్తకంతో ఇదంతా ఇక కదలకుండా స్థిరపడిపోయింది.

ఇలాంటి కథని రియలిస్టిక్‌గా తిరగరాయాలంటే చాలామంది చేసే పని ఒకటుంది, మాయలూ మంత్రాలూ తీసేసి వాటి చోట బురద, రక్తం, చలి పెట్టేయడం. కార్న్‌వెల్ కూడా బురద పెట్టాడు, బాగా పెట్టాడు. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. జరిగినది కథగా ఎలా మారిందో, ఎవరు మార్చారో, మారిస్తే ఎవరికి లాభమో, అది కూడా నవల లోపలే చూపించాడు. నాకు ఈ మూడు పుస్తకాల మీద ఇంత ఇష్టం దానివల్లే.

కథ చెప్పేది డెర్వెల్ అనే ముసలి సన్యాసి. ఒకప్పుడు ఆర్థర్ దగ్గర పేరున్న యోధుడు, ఇప్పుడు పోయిస్ రాజ్యంలో ఒక చలి మఠంలో మూలన కూర్చుని తోలు కాగితాల మీద రాసుకుంటున్నాడు. పుట్టుకతో సాక్సన్, పెరిగింది బ్రిటన్ల మధ్య, మంత్రగాడిగా పేరుపడ్డ మెర్లిన్ నీడలో. ఆర్థర్ కథ రాస్తున్నానంటే ఆ మఠం పెద్ద అయిన బిషప్ సాన్సమ్ ఊరుకోడు కాబట్టి, బైబిల్ సువార్తని సాక్సన్ భాషలోకి మారుస్తున్నానని చెప్పి రాస్తుంటాడు. రాయమన్నది ఆ దేశపు చిన్న వయసు రాణి ఇగ్రెయిన్. రాసిన కట్టలు ఆమె పట్టుకెళ్లి తన గుమాస్తా చేత అనువాదం చేయిస్తుంది. ఇక్కడే ఉంది అసలు మజా. ఇగ్రెయిన్ చిన్నప్పటి నుంచి పాటలు విని పెరిగిన పిల్ల. ఆమెకి కావలసింది ఆ పాటల్లోని ఆర్థర్. డెర్వెల్ రాసింది చదివి మొహం ముడుచుకుంటుంది, ఇది ఇలా జరిగి ఉండదు అని వాదిస్తుంది, ప్రేమ సన్నివేశాలు ఇంకాస్త అందంగా రాయొచ్చుగా అంటుంది. తన కట్టల్ని అనువాదంలో ఆమె ఏం చేస్తుందోనని డెర్వెల్‌కి అనుమానం కూడా ఉంటుంది. అంటే మనం చదువుతున్న నిజం మన కళ్ల ముందే పాటగా మారడం మొదలుపెట్టిందన్నమాట. ఈ సంభాషణలు పుస్తకంలో ఎక్కువ పేజీలు ఉండవు, కానీ అవి వచ్చినప్పుడల్లా నేను నెమ్మదిగా చదివాను. ముసలాయన కూడా పూర్తిగా నమ్మదగినవాడేం కాదు, ఆర్థర్ మీద ప్రాణం పెట్టిన మనిషి, మనసులో కక్షలూ బాగానే ఉన్నాయి. ఆ పక్షపాతాన్ని రచయిత దాచలేదు.

లాన్సెలాట్ విషయంలో ఈ పద్ధతి ఎంత బాగా పనిచేసిందంటే, ఒకసారి ఇది చదివాక పాత కథల్లోని లాన్సెలాట్‌ని మళ్లీ అదే కళ్లతో చూడలేం. ఇక్కడ అతను బెనోయిక్ రాకుమారుడు, అందగాడు, తెల్లటి దుస్తులు, మెరిసే కవచం, యుద్ధం దగ్గరికొచ్చేసరికి మాత్రం కనపడడు. సముద్రం ఒడ్డున వాళ్ల నగరాన్ని ఫ్రాంకులు ముట్టడిస్తే గోడల మీద నిలబడి కొట్లాడేది అతని సవతి తమ్ముడు గాలహాడ్, డెర్వెల్, ఇంకా పేరూ ఊరూ లేని సైనికులు. నగరం పడిపోతుంది, లాన్సెలాట్ ఓడెక్కి బయటపడతాడు. తీరా చూస్తే వీరుడని పాటలు వచ్చేది అతని మీదే, ఎందుకంటే అతని తల్లి ఎలేన్ కవుల్ని పోషిస్తుంది. ఆ కవులు ఊరూరా తిరుగుతారు, నిజంగా కొట్లాడినవాళ్లు వాళ్ల కంటే ముందు ఊరు చేరలేరు. లాన్సెలాట్ పాత్ర పన్నెండో శతాబ్దంలో కవి తెచ్చి పెట్టినదని చరిత్ర చెప్తుంటే, నవల లోపల కూడా అతని గొప్పతనం కవులు తయారుచేసినదే కావడం, ఆ రెండూ అలా అతకడం చూస్తే కార్న్‌వెల్ ఎంత ఆలోచించి రాశాడో తెలుస్తుంది.

మాయల సంగతి. మొదటి నవల ఆ పసి వారసుడు మోర్డ్రెడ్ పుట్టే రాత్రితో మొదలవుతుంది. చలికాలం, కొండ మీది కోట, లోపల ఊథర్ కోడలు నార్వెన్నా నొప్పులు పడుతోంది. ఆమె క్రైస్తవురాలు కాబట్టి ముందు సన్యాసులు ప్రార్థనలు చేస్తారు, బిడ్డ రాడు. చివరికి ఊథర్ ఓపిక పోయి పాత దేవుళ్లని కొలిచే మోర్గాన్‌ని పిలిపిస్తాడు. కాలిపోయిన మొహానికి బంగారు ముసుగు పెట్టుకున్న ఆమె వచ్చి, దుష్టశక్తులు పారిపోవాలని కోట గోడల మీద మంటలు వేయిస్తుంది, సైనికులు ఈటెలతో డాళ్ల మీద బాదుతూ గోల చేస్తారు. బిడ్డ పుడతాడు, కాలు వంకరగా. మోర్గాన్ మంత్రం పనిచేసిందా, లేక ఆ సమయానికి బిడ్డ ఎలాగూ పుట్టేవాడా? నవల చెప్పదు. మూడు పుస్తకాల్లోనూ మాయని ఇదే పద్ధతిలో నడిపాడు. అపశకునం అనుకుంటే జనం ఉమ్మేస్తారు, ఇనుము ముట్టుకుంటారు. కర్రలకి తలలు గుచ్చి నాటిన దయ్యాల కంచె దాటాలంటే కండలు తిరిగిన సైనికుడికీ కాళ్లు వణుకుతాయి. ఆ వణుకే నిజం, కంచెలో శక్తి ఉందా లేదా అన్నది రెండో విషయం. మెర్లిన్ అయితే మహా జిత్తులమారి. మూడో పుస్తకంలో చీకట్లో వెండిలా వెలిగే అమ్మాయిని చూసి జనం అంతా దేవతే దిగొచ్చిందని నోరు వెళ్లబెడతారు, అది ఒక రకం సముద్రపు గుల్లల నుంచి తీసిన పూత అని తర్వాత తెలుస్తుంది. అంతమాత్రాన ఆయన మోసగాడు కాడు, దేవుళ్లు తిరిగొస్తారని మనస్ఫూర్తిగా నమ్మినవాడు, ఆ నమ్మకం కోసం ఎవర్నైనా వాడుకుంటాడు. నాకు ఈ ముగ్గురు నలుగురు ముఖ్యపాత్రల్లో అందరికంటే భయం వేసింది మెర్లిన్‌ని చూసే, అందరికంటే నవ్వించిందీ ఆయనే.

ఊళ్ల వర్ణన గురించి కూడా ఒక మాట చెప్పాలి. జనం రోమన్లు కట్టిన ఇళ్లలోనే ఉంటుంటారు, కానీ వాటిని బాగుచేయడం ఎవరికీ చేతకాదు. పెంకులు రాలిపోయిన చోట గడ్డి కప్పుకుంటారు. డర్నోవేరియా, ఆక్వే సులిస్ లాంటి రోమన్ పేర్ల పట్టణాలు, అంటే ఇప్పటి డోర్చెస్టర్, బాత్, అప్పటికే సగం శిథిలాలు. పెద్ద నాగరికత వెళ్లిపోయాక మిగిలినవాళ్లు ఎలా బతుకుతారో ఈ చిన్న చిన్న వివరాల్లో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది.

యుద్ధాల గురించి అందరూ పొగుడుతారు, పొగడాల్సిందే. డాళ్లు ఒకదానికొకటి ఆనించి గోడలా నిలబడి చేసే యుద్ధం అది. రెండు గోడలు ఎదురెదురుగా నిలబడ్డాక వెంటనే తలపడవు, చాలాసేపు ఎవరికీ ముందుకెళ్లే ధైర్యం రాదు. మత్తుగా తాగి, ఎదుటివాళ్లని తల్లినీ తండ్రినీ కలిపి తిట్టి, పాత దేవుళ్ల పూజారులైన డ్రూయిడ్లు ఒంటికాలి మీద గెంతుతూ ఒక కన్ను మూసుకుని శాపాలు పెట్టి, అలా అలా భయం చచ్చాక అప్పుడు కదులుతారు. తలపడ్డాక కత్తి తిప్పడానికి కూడా చోటుండదు, ఎదుటివాడి నోటి వాసన తగిలేంత దగ్గర. ‘ది వింటర్ కింగ్’ చివర్లో వచ్చే లగ్ వేల్ యుద్ధం చదువుతుంటే నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. మూడో పుస్తకంలో బేడన్ యుద్ధం ఇంకా పెద్దది. కాకపోతే మూడూ వరసపెట్టి చదివితే, తిట్లు, మందు, తోపులాట, ఆఖరి నిమిషంలో ఎవరో రావడం అనే వరస ముందే తెలిసిపోతుంటుంది.

కానీ నన్ను పట్టి కూర్చోబెట్టింది యుద్ధాల కంటే ఎక్కువగా ఆర్థర్ మనస్తత్వం. మంచివాడు, న్యాయం తెలిసినవాడు, అలాంటివాడు జీవితంలో ఒకే ఒక్కసారి తన ఇష్టానికి లొంగుతాడు. పోయిస్ రాజు కూతురు కైన్విన్‌తో నిశ్చయం అవుతుంది, ఆ పెళ్లి జరిగితే బ్రిటన్ రాజ్యాల మధ్య శాంతి వస్తుంది, అందరూ కలిసి సాక్సన్ల మీదకి వెళ్లొచ్చు. ఆ నిశ్చితార్థం విందులోనే హాల్లో గ్వినివేర్‌ని చూస్తాడు. అంతే. కైన్విన్‌ని వదిలేసి గ్వినివేర్‌ని పెళ్లి చేసుకుంటాడు, శాంతి కాస్తా యుద్ధమవుతుంది, వందల మంది చస్తారు. ఇక ఆ తర్వాత జీవితమంతా మాట తప్పని మనిషిగా ఉండాలని ఎంత బిగుసుకుపోతాడంటే, రెండో పుస్తకంలో ట్రిస్టన్, ఇసోల్ట్ అనే ప్రేమజంట అతని దగ్గర శరణు కోరి వచ్చినప్పుడు చట్టం వైపే నిలబడతాడు. పాటల్లో ఎంతో అందంగా ఉండే ఆ ప్రేమకథ ఇక్కడ ఎలా ముగుస్తుందో చెప్పను. ఆ అధ్యాయం చదివాక నాకు ఆర్థర్ మీద చాలా కోపం వచ్చింది, అతనెందుకలా చేశాడో అర్థమవుతూనే కోపం వచ్చింది. పాత్రని అలా నిలబెట్టడం మామూలు విషయం కాదు.

ఇక నచ్చనివి. మోర్డ్రెడ్ పెద్దయ్యాక వట్టి దుర్మార్గుడైపోయాడు, చిన్నప్పుడు జంతువుల్ని హింసించడం నుంచి మొదలుపెట్టి అన్నీ చెడ్డ లక్షణాలే. ఆర్థర్ ప్రమాణం ఎవరి కోసమో ఆ మనిషిలో ఒక్క మంచి గుణమైనా ఉంటే ఆ ప్రమాణం బరువు ఇంకా తెలిసేది. లాన్సెలాట్ కూడా అంతే, కథ చెప్పేవాడికి అతనంటే అసహ్యం కాబట్టి అలా కనిపిస్తాడని సర్దుకోవచ్చు గానీ, తల్లి తయారుచేసిన పేరు మోయలేక లోలోపల చచ్చిపోయే మనిషిగా ఒక్క సన్నివేశం రాసి ఉంటే బాగుండేది. క్రైస్తవుల చిత్రణ మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. గాలహాడ్ లాంటి ఒకరిద్దరు మంచివాళ్లని పెట్టినా, సాన్సమ్ లాంటి కుతంత్రాల బిషప్పులూ, వాళ్ల వెనక ఊగిపోయే మూకలే ఎక్కువ కనిపిస్తారు. చరిత్ర చూస్తే గిల్డాస్ తన కాలపు బ్రిటన్ రాజుల్ని తిట్టిపోసింది చెడ్డ క్రైస్తవులని, పాత దేవుళ్లని కొలుస్తున్నారని కాదు. డ్రూయిడ్ల సంగతికొస్తే, క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సేనాని స్విటోనియస్ పాలినస్ మోనా దీవి (ఇప్పటి ఆంగ్లెసీ) మీద పడి వాళ్ల పవిత్ర వనాల్ని నరికించాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత డ్రూయిడ్లు ఇంత బలంగా రాజుల కొలువుల్లో తిరగడం పూర్తిగా రచయిత కల్పన. నవలకి అది ప్రాణం పోసింది, కాదనను, కానీ చరిత్ర ఇదే అనుకుని చదవకూడదు. పుస్తకాల చివర రచయిత రాసిన చారిత్రక వివరణ తప్పకుండా చదవాలి, కథలో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకొచ్చాడు. అయితే నవల పూర్తయ్యాకే చదవండి.

హింస గురించి ముందే చెప్పడం మంచిది. మెర్లిన్ శిష్యురాలు నిమూయే అనే అమ్మాయి మీద మొదటి పుస్తకంలో జరిగే అత్యాచారం, ఆమె కన్ను పోవడం చాలా దారుణంగా ఉంటుంది. శరీరానికి గాయం, అభిమానానికి గాయం, మనసుకి గాయం, ఈ మూడూ తగిలితేనే దేవుళ్ల జ్ఞానం దొరుకుతుందని మెర్లిన్ లోకంలో నమ్మకం, నిమూయే దారంతా దాని మీదే నడుస్తుంది. ఆమె పాత్ర బలమైనదే. కానీ ఆడవాళ్ల బలానికి ప్రతిసారీ ఇలాంటి గాయమే మూలం కావాలా అనిపించింది నాకు. గ్వినివేర్ దగ్గర ఆ ఇబ్బంది లేదు, తెలివైనది, రాజ్యం ఏలాలని ఉన్నది, ఆడదై పుట్టినందుకు ఆ అవకాశం లేనిది, మూడో పుస్తకంలో ఆమె ఎదిగిన తీరు నాకు ఈ సిరీస్ మొత్తంలో అందరికంటే ఎక్కువ నచ్చింది.

పేర్లు మొదట్లో ఇబ్బంది పెడతాయి. గోర్‌వదిద్, కునెగ్లాస్, కిల్హూక్, ఒకటా రెండా. పుస్తకం మొదట్లో పాత్రల పట్టిక, ఊళ్ల పట్టిక ఉంటాయి, అక్కడొక కాగితం పెట్టుకుంటే సరి. ఇంగ్లిష్ మాత్రం తేలిక, వాక్యాలు సాఫీగా సాగుతాయి.

ఇదే కాలాన్ని ఇంకోలా చూపించిన రెండు పుస్తకాల గురించి చెప్పకపోతే అన్యాయం. మేరీ స్టూవర్ట్ ‘ది క్రిస్టల్ కేవ్’ (1970) మెర్లిన్ తన కథ తానే చెప్పుకునే నవల. చిన్నప్పుడు తాతగారి కోటలో, నేల కింద వేడిగాలి పోవడానికి రోమన్లు కట్టిన సొరంగాల్లో పాకుతూ పైన పెద్దవాళ్లు మాట్లాడుకునేవి వింటుంటాడు. ఈ పిల్లాడికి అన్నీ ఎలా తెలుస్తాయి అన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరికిపోతుంది. ఐర్లండ్ నుంచి రాయి తెచ్చి స్టోన్‌హెంజ్ అనే పురాతన రాళ్ల వలయంలో నిలబెట్టిన ఘట్టం కూడా ఇంజనీర్ లెక్కలతోనే జరుగుతుంది, మంత్రంతో జరిగిందని పాటగాళ్లు చెప్పుకుంటారు. ఆమె మాత్రం భవిష్యత్తు కనిపించే శక్తిని నిజమనే రాసింది, కాబట్టి పూర్తి రియలిజం కోరుకునేవాళ్లకి కాస్త అసంతృప్తి ఉంటుంది. భాష మాత్రం ముగ్గురిలోకీ ఆమెదే అందమైనది.

రోజ్‌మెరీ సట్‌క్లిఫ్ ‘స్వోర్డ్ ఎట్ సన్‌సెట్’ (1963) వేరే స్థాయి. చావుబతుకుల్లో ఉన్న ఆర్టోస్, అంటే ఆర్థర్, తానే చెప్పుకునే కథ. లాన్సెలాట్ ఉండడు, ఆ చోటులో బెడ్విర్ ఉంటాడు, పాత వెల్ష్ కథల్లో ఆర్థర్ పక్కన మొదటినుంచీ ఉన్న పేరది. పెద్ద గుర్రాల కోసం ఆర్టోస్ సముద్రం దాటి గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) దక్షిణాన నార్బో సంతకి వెళ్లడం, కొన్న మగ గుర్రాలతో ఇక్కడి మందని మెరుగుపరచడానికి ఏళ్లకేళ్లు పట్టడం, మేత చాలకపోతే యుద్ధం ఆగిపోవడం, ఇలాంటివి ఆమె రాసినంత ఓపికగా ఇంకెవరూ రాయలేదు. కార్న్‌వెల్ పరిగెత్తిస్తాడు, సట్‌క్లిఫ్ కూర్చోబెడుతుంది. పుస్తకమంతా ఒక దిగులు పరుచుకుని ఉంటుంది, అందుకని మొదటి పుస్తకంగా అందరికీ చెప్పను.

కొత్తవాళ్లు ‘ది వింటర్ కింగ్’తోనే మొదలుపెట్టండి. మొదటి వంద పేజీలు రాజ్యాలు, బంధుత్వాలు అర్థం చేసుకోవడానికే పోతాయి, ఆర్థర్ రావడానికి కూడా టైమ్ పడుతుంది, అక్కడ వదిలేయకండి. రెండోదీ మూడోదీ విడిగా చదివితే అర్థం కావు, వరసలోనే చదవాలి. యుద్ధాలు పడనివాళ్లు, హింస తట్టుకోలేనివాళ్లు స్టూవర్ట్‌తో మొదలుపెట్టడం మేలు. కార్న్‌వెల్ మూడూ ముగించాక సట్‌క్లిఫ్ వైపు వెళ్లేవాళ్లు మాత్రం మధ్యలో వేరే పుస్తకం ఏదైనా చదివి వెళ్లండి, లేకపోతే డెర్వెల్ గొంతు చెవిలో ఉండగా ఆర్టోస్ గొంతు ఎక్కదు.